గట్టి ఫోన్, ఊడదీసే ముక్కలు: బ్రిడ్జి సైటులో పన్నెండు వారాల లెక్క

పిడుగురాళ్ల వైపు ఒక చిన్న బ్రిడ్జి పనిలో సైట్ ఇంజినీరుని. గత 26 నెలల్లో మూడు మామూలు ఫోన్లు పోగొట్టుకున్నాను. ఒకటి క్యూరింగ్ నీళ్లలో (కాంక్రీటుని తడిపి ఉంచే నీళ్లు) పడింది, ఒకటి స్కాఫోల్డింగ్ మీద నుంచి జారింది, మూడోది ఎండకు బ్యాటరీ ఉబ్బి పోయింది. మూడింటికీ కలిపి 42,500 రూపాయలు. అందుకని ఈసారి దుమ్ముకు, నీటికి తట్టుకునేలా చేసిన, ముక్కలు ముక్కలుగా విప్పి మార్చుకునే ఫోన్ ఒకటి తెప్పించాను. సైటులో మరో ముగ్గురికి ఇలాంటివే కొనాలా వద్దా అన్నది తేల్చాలి.

కంపెనీ పేరు రాయను. నా దగ్గరున్నది ఒక్కటే. ఒక్క ఫోన్‌ని చూసి కంపెనీని తిట్టడం, పొగడడం రెండూ సరికాదు. మోడల్ ఏదైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

దశ 0: ఏం వచ్చింది, ఏం కొలుస్తాను (మే 4)

ఫోన్ 262 గ్రాములు. వెనక మూత గోటితో తీస్తే వస్తుంది. లోపల 4,000 ఎంఏహెచ్ బ్యాటరీ. దాని కింద ఆరు స్క్రూలు విప్పితే ఛార్జింగ్ పోర్టు బోర్డు. స్క్రీన్ కూడా మార్చుకోవచ్చట, అంతదాకా రాకూడదని కోరుకుంటున్నాను. వీపు మీద ఇత్తడి రంగు పిన్నులు, వాటి చుట్టూ అయస్కాంతం. అదనపు బ్యాటరీ, వాకీటాకీ అనే రెండు మాడ్యూళ్లు అక్కడ అతుక్కుంటాయి.

కువైట్‌లో ఉన్న మా బావమరిది తెచ్చాడు. "బావా, అక్కడ మా సైటులో అందరూ ఇదే వాడతారు" అన్నాడు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. ఆ సంగతి కొన్నాక తెలిసింది, మీరు ముందే అడగండి.

ఖర్చు:
1. ఫోన్: 38,000
2. విడి బ్యాటరీలు రెండు: 4,600
3. అదనపు బ్యాటరీ మాడ్యూల్: 4,900
4. వాకీటాకీ మాడ్యూల్: 6,500
5. విడి పోర్టు బోర్డు: 1,400

మొత్తం 55,400. వోల్టేజీ, కరెంటు చూపే యూఎస్‌బీ మీటర్ 650. ఇప్పటికి 56,050.

నా దగ్గర ముందే ఉన్నవి: ఉష్ణోగ్రత వైరు పెట్టుకునే మల్టీమీటర్, వెర్నియర్ (సన్నటి మందాలు కొలిచేది), టేపు, వంటింటి తూకం, సైటు టోటల్ స్టేషన్ (సర్వేలో కోణం, దూరం కొలిచే పరికరం).

మూత లోపలి అంచు చుట్టూ సన్నటి రబ్బరు ఉంది. నీళ్లు ఆపేది అదే. అందుకే మొదటి రోజే నోట్‌బుక్కులో ఒక పేజీ గీసి, మూత తెరిచిన ప్రతిసారీ ఒక గీత పెట్టడం మొదలెట్టాను. ఈ డైరీలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన పేజీ అదే అవుతుందని అప్పుడు అనుకోలేదు.

దశ 1: సిమ్ (మే 5–7)

త్వరగా చెప్పేస్తాను. 2జీ, 3జీ లేని నెట్‌వర్క్ సిమ్ వేస్తే నెట్ వచ్చింది, కాల్ పోలేదు. అలాంటి నెట్‌వర్కులో మాట కూడా 4జీ మీదే వెళ్లాలి, దానికి వోల్టీ ఉండాలి. బయటి దేశానికి తయారైన ఫోన్లో మన నెట్‌వర్క్ సెట్టింగు లేకపోతే వోల్టీ ఆన్ కాదు. రెండు రోజులు సెట్టింగుల్లో తిరిగాను. అప్‌డేట్ వచ్చాక కూడా కాలేదు. చివరికి 2జీ ఇంకా ఉన్న నెట్‌వర్క్ సిమ్ వేసుకున్నాను. మిగతా ముగ్గురికి కొనేటట్లయితే ఇండియాలో అమ్మే మోడలే కొనాలని ఇక్కడే రాసుకున్నాను.

మూత తెరిచినవి: 6. ఖర్చు: 56,050.

దశ 2: ఎండ (మే 10–28)

మాకు పక్కనే రెంటచింతల. ఎండ గురించి వేరే చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాట ఎలా ఉన్నా ఫోన్లు మాత్రం చేతులెత్తేస్తాయి.

పరీక్ష ఇలా చేశాను:
1. మధ్యాహ్నం 1:30కి డెక్ స్లాబ్ (బ్రిడ్జి పైభాగం) రాడ్ల మీద చెక్క ముక్క, దాని మీద ఫోన్.
2. వీడియో రికార్డింగ్ ఆన్, స్క్రీన్ వెలుతురు పూర్తిగా.
3. బ్యాటరీ వేడి చూపే యాప్ ఆన్.
4. పక్కనే అదే పని చేస్తూ నా పాత మామూలు ఫోన్.

నీడలో గాలి 43.5 డిగ్రీలు. రాడ్ మీద మల్టీమీటర్ వైరు ఆనిస్తే 61.

మామూలు ఫోన్‌కి 8 నిమిషాలకు స్క్రీన్ మసకబారింది, 14కి కెమెరా మూసుకుపోయింది. గట్టి ఫోన్‌కి 11, 19. ఐదు నిమిషాలు నయం, అంతే. మరో రెండు రోజులు చేసినా ఒకటి రెండు నిమిషాల తేడాతో ఇవే అంకెలు.

నేను ఊహించనిది చల్లారడం. కంటైనర్ ఆఫీసులో కూలర్ ముందు, 34 డిగ్రీల గాలిలో, బ్యాటరీ 47 నుంచి 40కి దిగడానికి మామూలు ఫోన్‌కి 17 నిమిషాలు పడితే దీనికి 31 పట్టింది. చుట్టూ ఉన్న మందపాటి రబ్బరు వేడిని ఆలస్యంగా లోపలికి రానిస్తుంది, అంతే ఆలస్యంగా బయటికి వదులుతుంది. దెబ్బకు మంచిది, ఎండకు కాదు. లిథియం బ్యాటరీకి 45 దాటితే ఫోన్ ఛార్జింగ్ ఆపేస్తుంది, అది మంచికే. కానీ చల్లారడానికే 31 నిమిషాలంటే అన్నం తినే టైమంతా వృథా.

మార్పు 1: ఇంట్లో పాత తెల్ల పంచె ముక్కతో సంచి కుట్టించాను, కెమెరాకి చిల్లు పెట్టి. 19 నిమిషాలు 27 అయ్యాయి. ఖర్చు సున్నా.

మార్పు 2: సర్వే గొడుగు కింద పెట్టాను. 40 నిమిషాలు రికార్డు చేసినా ఆగలేదు. అక్కడితో ఆ పరీక్ష ముగించాను. గొడుగు కింద నా పాత ఫోనూ ఆగలేదు, అదీ రాయాలి కదా.

బ్యాటరీ లెక్క: పొద్దున ఏడింటికి వంద శాతంతో బయల్దేరితే మధ్యాహ్నం 3:10కి 15 శాతం. ఎండలో కనపడాలంటే స్క్రీన్ ఎప్పుడూ ఫుల్ వెలుతురులో ఉండాలి, తాగేది అదే. రోజూ మూడింటికి బ్యాటరీ మార్చాను. ఫోన్ ఆఫ్ చేసి, మార్చి, మళ్లీ ఆన్ అయ్యేసరికి 70 నుంచి 95 సెకన్లు. ఈ ఒక్క విషయంలో నాకు ఫోన్ మీద ఫిర్యాదు లేదు. పవర్ బ్యాంకు వైరు వేలాడేసుకుని నిచ్చెన ఎక్కే బాధ పోయింది.

అదనపు బ్యాటరీ మాడ్యూల్ తగిలిస్తే ఫోన్ 452 గ్రాములు. చొక్కా జేబు వేలాడుతుంది. దాని మీద 5,000 ఎంఏహెచ్ అని ఉంది, అంటే సుమారు 19 వాట్-అవర్లు. నీడలో, ఫోన్ ఆఫ్ చేసి ఎక్కిస్తే బ్యాటరీ 5 నుంచి 100కి చేరి మాడ్యూల్ ఖాళీ అయింది. చేరింది 14.6 వాట్-అవర్లు, 76 శాతం. ఎండలో పనిచేస్తూ ఎక్కిస్తే 5 నుంచి 72 దాకానే. అందులో కొంత ఫోన్ అప్పటికప్పుడు తాగేసింది కాబట్టి పూర్తిగా మాడ్యూల్ తప్పు కాదు. అయినా 190 గ్రాములు మోసి పొందేది 67 శాతం. విడి బ్యాటరీ 58 గ్రాములు, వంద శాతం.

మూత తెరిచినవి: 33. పడినవి: 4, అన్నీ జేబు ఎత్తు నుంచి, గీతలు మాత్రమే. ఖర్చు: 56,050.

దశ 3: కెమెరాలో పొగమంచు (మే 29–జూన్ 14)

మే 29న ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. నేను లెవెల్ చూస్తుంటే హెల్పర్ కుర్రాడు దాన్ని తీసుకెళ్లి కూల్‌డ్రింకుల ఐస్ పెట్టెలో పెట్టాడు. "చల్లారుద్దని పెట్టా సార్" అన్నాడు. వాడిని ఏమనాలి? పది నిమిషాల తర్వాత తీస్తే కెమెరా అద్దం లోపలి వైపు తెల్లగా మంచు పట్టింది.

మొదట వాడి మీదే కోపం వచ్చింది. రాత్రి ఆలోచిస్తే అది వాడు చేసిన మేలు అనిపించింది. దుమ్ము కూడా దూరనంత మూసుకుని ఉంటే లోపల అంత తేమ ఎక్కడిది? నేను మూత తెరిచిన ప్రతిసారీ కొంత గాలి తేమ లోపలికి పోతుంది, నిజమే. అంత మంచు పట్టడానికి అది చాలదనిపించింది. రబ్బరు అనుమానంలోకి వచ్చింది.

దుమ్ము, నీరు ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ68 అనే గుర్తులో 6 అంటే దుమ్ము బొత్తిగా చొరబడకూడదు. 8 అంటే ఒక మీటరు కన్నా లోతు నీళ్లలో, ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు చెప్పినట్టు. నా ఫోన్ కాగితంలో 1.5 మీటర్లు, 30 నిమిషాలు. ఆ పరీక్ష కొత్త ఫోన్‌కి, మంచినీళ్లలో చేస్తారు. 33 సార్లు సిమెంటు దుమ్ములో తెరిచిన ఫోన్‌కి ఎవరూ చేయరు. నేనే చేయాలి.

బకెట్ పరీక్ష:
1. ఫోన్ ఆఫ్ చేసి బ్యాటరీ తీసేయాలి. బ్యాటరీతో నీళ్లలో పెట్టొద్దు.
2. బ్యాటరీ గుంతలో నాలుగు మూలలా టిష్యూ కాగితం ముక్కలు, ప్రతిదాని మీద బాల్ పెన్నుతో అంకె.
3. మూత వేసి చుట్టూ బొటనవేలితో నొక్కాలి.
4. బకెట్లో 30 సెంటీమీటర్ల లోతున 10 నిమిషాలు.
5. బయట బాగా తుడిచి, ఫోన్ పడుకోబెట్టి మూత తీసి టిష్యూ చూడాలి.

కంపెనీ చెప్పిన దాంట్లో ఐదో వంతు లోతు. అయినా 3వ ముక్క, అంటే కింద ఎడమ మూలది, తడిసింది.

ఎంత నీరు వచ్చిందో తూకం వేద్దామని వంటింటి తూకం మీద టిష్యూ పెట్టాను. అది ఒక గ్రాము కన్నా తక్కువ చూపదు. సున్నా అంది. ఆ సాయంత్రం వృథా. నగల కొట్టు తూకం కావాలి, టిష్యూ ముక్క పట్టుకుని అక్కడికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

ఎక్కడ ఆనడం లేదో చూడటానికి గోడ మీద దారంతో గీత కొట్టే నీలం పొడి పనికొచ్చింది. ఫోన్ అంచుకి పొడి సన్నగా అద్ది, మూత నొక్కి, తీసి చూశాను. రబ్బరు ఆనిన చోటల్లా నీలం. కింద ఎడమ మూల దగ్గర దాదాపు 6 మిల్లీమీటర్ల మేర నీలం అంటలేదు. పాత ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి ఫొటో తీసి పెద్దది చేస్తే, రబ్బరులో ఇసుక రేణువు కూరుకుపోయి కనపడింది. వెర్నియర్ మీద సుమారు 0.4 మిల్లీమీటర్లు. అదే మూల ఎందుకంటే నేను మూత తెరిచేది అటువైపు నుంచే. గోరు పెట్టే గాడి అక్కడుంది, వేలికున్న మట్టంతా అక్కడే రాలుతుంది.

తర్వాతి పరీక్షలు, ఇదే పద్ధతిలో:
1. తడిగుడ్డతో తుడిచి: 3వ ముక్క మళ్లీ తడి.
2. పంటిపుల్లతో రేణువు తీసి: రబ్బరులో గుంట మిగిలింది. చెమ్మ.
3. సిలికాన్ గ్రీజు సన్నగా రాసి: పొడి.

హమ్మయ్య అనుకున్నాను. గ్రీజు 180, బ్రష్షులు 60. ఆరు రోజుల తర్వాత మూత చూస్తే గ్రీజుకి సిమెంటు పట్టుకుని బూడిద రంగు ముద్ద అయింది. సైటులో గ్రీజు అంటే దుమ్ముకు జిగురు. పరీక్ష చేస్తే రెండు మూలలు తడి. తుడిచి పారేశాను. మీరు గ్రీజు జోలికి పోవద్దు. నీళ్ల పని తప్ప దుమ్ము లేని చోట, అంటే చేపల చెరువుల దగ్గర లాంటి చోట, అది పనిచేస్తుందేమో.

ఈ ఫోన్లో రబ్బరు మూతకే అతికి ఉంది. మూత మారిస్తే రబ్బరు కొత్తదే. బావమరిది స్నేహితుడు గుంటూరు వస్తుంటే రెండు మూతలు తెప్పించాను, 2,200. కొత్త మూతతో పరీక్ష: నాలుగు ముక్కలూ పొడి. మామూలు ఫోన్లో వెనక అద్దం జిగురుతో అతికిస్తారు. అక్కడ ఇలాంటి లీకు వస్తే ఇంట్లో చేసేదేమీ లేదు. అలాగని మామూలు ఫోన్‌ని రోజూ తెరవాల్సిన పనీ లేదు.

జూన్ 12 నుంచి పద్ధతి మార్చాను:
1. సైటు మీద మూత తెరవడం బంద్. కంటైనర్ ఆఫీసులో, ఫ్యాన్ ఆపి మాత్రమే.
2. ముందు చేతులు కడగాలి, తుడవాలి.
3. మూత అంచు చుట్టూ పొడి పెయింట్ బ్రష్షుతో దులిపాకే గోరు పెట్టాలి.
4. తెరిచాక రబ్బరుని మెత్తటి బ్రష్షుతో ఒక చుట్టు.
5. వారానికోసారి నీలం పొడి. నెలకోసారి బకెట్.

"ఫోన్‌కి మడి కట్టించారే సార్" అన్నాడు మేస్త్రి. మడే మరి.

మూత తెరిచినవి: 52. ఖర్చు: 58,490.

దశ 4: అయస్కాంతం, ఇనుపరజను, వాకీటాకీ (జూన్ 15–24)

బ్యాటరీ మాడ్యూల్‌కి ఇంకో అవకాశం ఇద్దామని రాడ్ బెండింగ్ యార్డులో వాడాను. కటింగ్ మెషీన్ పక్కన గంట నిలబడ్డాక మాడ్యూల్ ఛార్జింగ్ ఆగిపోయింది. ఊడదీసి చూస్తే ఫోన్ వీపంతా నల్లటి గడ్డం మొలిచినట్టు ఇనుపరజను. అయస్కాంతం పిన్నుల చుట్టూ ఉంది కదా, రజను నేరుగా పిన్నుల మధ్యకే చేరింది.

తుడిస్తే పోదు, అయస్కాంతం వదలదు. తుడిచేకొద్దీ పక్కకి జరుగుతుంది. ప్యాకింగ్ టేపు అంటించి లాగాను. ఆరు టేపు ముక్కలకి పిన్నుల దగ్గర శుభ్రమైంది, అంచుల్లో ఇంకా కొంచెం ఉంది. అది పిన్నుల్ని షార్ట్ చేసిందా, కేవలం ఎడం చేసిందా అన్నది మల్టీమీటర్‌తో చూద్దామనుకునే లోపే శుభ్రం చేసేశాను. ముందు కొలిచి తర్వాత తుడవాల్సింది.

అయస్కాంతానికి ఇంకో దోషం ఉంది. డైలీ రిపోర్టులో ఫొటోతో పాటు దిక్కు కూడా పడాలి. మాడ్యూల్ తగిలించి తీసిన ఫొటోల్లో ఉత్తరం వైపు అబట్‌మెంట్ (బ్రిడ్జి చివర ఆనే గోడ) కాస్తా ఈశాన్యం వైపుకి వెళ్లింది. టోటల్ స్టేషన్‌తో తెలిసిన గీత మీద నిలబడి పోల్చాను: మాడ్యూల్ లేకుండా 4 నుంచి 7 డిగ్రీల తేడా, మాడ్యూల్ ఉంటే 38 నుంచి 44. ఫోన్ దిక్సూచి కూడా భూమి అయస్కాంతాన్నే చూస్తుంది, వీపున అంతకన్నా బలమైనది పెడితే దాన్నే చూస్తుంది.

పనిలో పని, స్థానం కూడా చూశాను. స్థానం కచ్చితంగా తెలిసిన కంట్రోల్ పిల్లర్ మీద ఫోన్ పెట్టి 12 రీడింగులు. ఆకాశం తెరిచి ఉంటే 3 నుంచి 6 మీటర్లు అటూ ఇటూ. గర్డర్ల (బ్రిడ్జి దూలాల) కింద 11 నుంచి 18. ఫొటోకి ఊరు, చైనేజీ (రోడ్డు మొదలు నుంచి దూరం) గుర్తు పెట్టడానికి చాలు. దీంతో మార్కింగ్ చేస్తానని ఎవరైనా అంటే చేతిలో ఫోన్ లాక్కోండి.

వాకీటాకీ మాడ్యూల్ నేను ఆన్ కూడా చేయలేదు. కరపత్రంలో 400 నుంచి 480 మెగాహెర్ట్జ్ అని ఉంది. మన దేశంలో లైసెన్సు లేకుండా తక్కువ పవర్ వాకీటాకీలకు వదిలింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మాత్రమే, సెట్టుకి కూడా ఆమోదం ఉండాలి. మిగతా చోట వాకీటాకీకి లైసెన్సు కావాలి. పైగా మా పునాది తవ్వకంలో బండ తగిలి రెండుసార్లు బ్లాస్టింగ్ చేయించారు. ఎలక్ట్రిక్ డిటొనేటర్లు (మందుని కరెంటుతో పేల్చేవి) ఉన్న చోట రేడియో నొక్కడం ప్రాణాలతో ఆట. ఆ రోజుల్లో మొబైళ్లే దూరంగా పెట్టిస్తారు. 6,500 పెట్టి కొనేముందు ఆ కరపత్రం చదవకపోవడం పూర్తిగా నా తప్పు. బావమరిదికి తిరిగి పంపాను, అక్కడ లైసెన్సు ఉన్న సైటులో ఎవరికో 5,000కి ఇప్పించాడు.

మూత తెరిచినవి: 61. పడినవి: 9. ఖర్చు: 53,490.

దశ 5: పడటం (జూన్ 25–జులై 5)

కావాలని పడేయలేదు. సైటులో ఆ అవసరం రాదు.

పెట్టె మీద మిలిటరీ స్టాండర్డ్ 810 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అందులో పడేసే పరీక్ష 1.22 మీటర్ల నుంచి 26 సార్లు: ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. ఆ 26ని ఐదు ఫోన్ల దాకా పంచుకోవచ్చు. ఏ సైన్యమూ వచ్చి సర్టిఫికెట్ ఇవ్వదు, తయారీదారు చేయించుకున్న పరీక్షే. పరీక్ష చెడ్డదని కాదు, మన స్కాఫోల్డింగ్ ఎత్తు అందులో లేదని.

జూన్ 30, పియర్ క్యాప్ (బ్రిడ్జి స్తంభం తల) మీద నుంచి ఫోన్ జారింది. తర్వాత టేపు వేస్తే 4.6 మీటర్లు. కింద పీసీసీ, అంటే రాడ్లు లేని కాంక్రీటు. మూత ఒకవైపు, ఫోన్ ఒకవైపు, బ్యాటరీ రెండు మీటర్ల అవతల క్యూరింగ్ నీళ్లలో. కింద రాడ్లు కడుతున్న ఆయన మూడింటినీ ఏరి తెచ్చి, "ఇంకేమైనా ముక్కలున్నాయా సార్?" అని అడిగాడు.

ఫోన్‌కి వేరే బ్యాటరీ వేస్తే ఆన్ అయింది. టెంపర్డ్ గ్లాసు పగిలింది, స్క్రీన్ బాగుంది (కొత్త గ్లాసు 350). మూత గొళ్ళేలలో ఒకటి విరిగింది, రెండో మూత వేశాను. ముక్కలు విడిపోవడం వల్లే దెబ్బ పంచుకుపోయిందేమోనని అనిపిస్తుంది గానీ, ఒక్క పతనంతో అది చెప్పలేను.

బ్యాటరీ మూలకి సొట్ట. ఓల్టేజీ చూస్తే మామూలుగానే 3.9 ఉంది. అయినా వాడలేదు. సొట్టపడ్డ లిథియం బ్యాటరీ లోపల పొరలు ఎప్పుడు తాకుతాయో తెలియదు, తాకితే మంటే. ఇసుక బకెట్లో పెట్టి, కంటైనర్‌కి దూరంగా ఉంచి, తర్వాత గుంటూరు వెళ్లినప్పుడు ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చాను.

అక్కడే ఒక షాపులో "ఆ సైజుది సర్దిస్తా" అని 900కి ఒక బ్యాటరీ చూపించారు. వెర్నియర్ జేబులోనే ఉంది. అసలుది 5.5 మిల్లీమీటర్ల మందం, అది 5.9. ఆ 0.4 మూతని పైకి నెడుతుంది, అంటే రేణువు చేసిన పనే చుట్టూరా చేస్తుంది. దాని మీద ఐఎస్ 16046 (బ్యాటరీల భద్రతకు మన దేశ ప్రమాణం) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు కూడా లేవు. వద్దని వచ్చేశాను. అసలుది ఒకటి 2,300కి తెప్పించాను.

మూత తెరిచినవి: 70. పడినవి: 13. ఖర్చు: 56,140.

దశ 6: పోర్టులో సిమెంటు (జులై 6–13)

వానలు మొదలయ్యాయి. ఛార్జింగ్ పోర్టుకి రబ్బరు నాలుక మూత. దాన్ని రోజూ సరిగా నొక్కానా అంటే లేదు. జులై 7న కాంక్రీటు పోసిన రోజు సిమెంటు పాలు కారిన చేత్తో జేబులో వేసుకున్నాను. రాత్రి ఛార్జర్ సగమే దిగింది. ఓపీసీ, అంటే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు, 600 నిమిషాల్లోపు పూర్తిగా బిగుసుకోవాలని (ఫైనల్ సెట్) మన దేశ ప్రమాణం ఐఎస్ 269 చెబుతుంది. మా లాట్ పాసైంది, నా పోర్టులో చూశాను.

వెనిగర్ వేయమని ఒకరన్నారు. ఆమ్లం సిమెంటుని కరిగిస్తుంది, పిన్నుల్ని కూడా పాడు చేయొచ్చు. వేయలేదు. చెక్క పుల్లతో గీకాను, సగం వచ్చింది. ఛార్జింగ్ మీటర్‌లో 9 వోల్టులకి ఎక్కాల్సింది 5 దగ్గరే ఆగింది. పిన్ను ఏదో పోయింది. విడి బోర్డు వాడే సమయం వచ్చింది.

మార్చిన క్రమం (టీ5, అంటే నక్షత్రం మొన ఉన్న చిన్న స్క్రూడ్రైవర్ 280):
1. బ్యాటరీ తీసి, తెల్ల కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, తీసిన స్క్రూని బొమ్మలో దాని చోటే గుచ్చాను. రెండు పొట్టివి, నాలుగు పొడుగువి.
2. స్పీకర్ ముక్క ఎత్తాను. కింద సన్నటి రిబ్బన్ కేబుల్, గోటితో పైకి లేపితే ఊడింది.
3. పాత బోర్డు తీసి కొత్తది. నురుగు రబ్బరు చుట్టు కొత్త బోర్డుతోనే వచ్చింది, పాతది మళ్లీ వాడొద్దు.
4. కేబుల్ నొక్కాను. టక్ మని వినపడాలి. నాకు వినపడలేదు, అయినా మూసేశాను.
5. ఛార్జింగ్ రాలేదు. మళ్లీ విప్పి, కేబుల్ నొక్కాను. టక్.

మొత్తం 47 నిమిషాలు. రెండోసారి అయితే పదిహేను చాలు. తర్వాత బకెట్ పరీక్ష, ఈసారి పోర్టు వైపు కూడా టిష్యూ పెట్టి: అన్నీ పొడి.

మార్పు: పోర్టు వాడకం ఆపేశాను. కంటైనర్లో పిన్నుల మీద ఛార్జ్ చేసే స్టాండు తెప్పించాను, 2,900. అక్కడ రజను లేదు. విడి బ్యాటరీ కూడా దాంట్లోనే ఎక్కుతుంది. నాలుక మూత మీద నల్ల టేపు అంటించాను, నా చెయ్యి దాని జోలికి పోకుండా.

చేతి తొడుగుల విషయం ఒక్క ముక్క. రబ్బరు చుక్కల నూలు తొడుగులతో స్క్రీన్ పలకలేదు. పల్చటి నైట్రైల్ అయితే పలికింది. వానలో నీటి చుక్కలే వేళ్లనుకుని కాల్స్ చేసింది, ఒకసారి మా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి. పక్కనున్న బటన్‌ని కెమెరాకి కట్టేశాక తడి రోజుల్లో స్క్రీన్ ముట్టకుండానే పని నడిచింది.

మూత తెరిచినవి: 79. పడినవి: 14. ఖర్చు: 59,320.

దశ 7: ముగ్గురికి ఏం కొంటున్నాం (జులై 26)

జూన్ 12 తర్వాత నీలం పొడి పరీక్ష ఆరుసార్లు చేశాను, రబ్బరు ప్రతిసారీ చుట్టూరా ఆనింది. బకెట్ పరీక్ష ఈ రోజుతో కలిపి మూడుసార్లు, తడి లేదు. అంతకుముందు 33 సార్లు తెరవగానే లీకైంది. తర్వాత 34 సార్లు తెరిచాను, లీకు లేదు. మూత మధ్యలో ఒకటి మారింది కాబట్టి ఇది సరిసమానమైన పోలిక కాదు, అయినా నాకు చాలు.

సర్వేయర్‌కి: నా దాని లాగే ఊడే బ్యాటరీ ఉన్న గట్టి ఫోన్, ఒక విడి బ్యాటరీ, ఛార్జింగ్ స్టాండు. ఇండియాలో బిల్లుతో కొన్నదే. మాడ్యూళ్లు వద్దు.

రాడ్ బెండింగ్ సూపర్‌వైజర్‌కి: వీపున అయస్కాంతం లేనిది.

బ్యాచింగ్ ప్లాంట్ (కాంక్రీటు కలిపే చోటు) దగ్గరుండే కుర్రాడికి ఊడే ఫోన్ వద్దనుకున్నాను. రోజంతా సిమెంటు పొడిలో ఉంటాడు, చేతులు కడిగి ఫ్యాన్ ఆపి మూత తీయమంటే చేయడు, చేయకపోవడం తప్పు కూడా కాదు. అతనికి మూత తెరుచుకోని గట్టి ఫోన్, పక్కనే ప్లగ్గు ఉంది కాబట్టి బ్యాటరీ బాధ లేదు.

యూరోపియన్ యూనియన్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి అమ్మే వస్తువుల్లో చిన్న బ్యాటరీలు వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం వచ్చింది, కొన్ని మినహాయింపులతో. ఆ ప్రభావం ఇక్కడి మోడళ్ల మీద పడేదాకా ఆగుదామా అని ఒకసారి అనుకున్నాను. సర్వేయర్ ఫోన్ మొన్న బుధవారం చనిపోయింది, ఆగే పని లేదు.

బ్యాటరీ మాడ్యూల్ బల్ల సొరుగులో ఉంది. ఎవరికైనా 3,000కి ఇస్తాను, రజను కొంచెం ఉంటుంది.

మూత తెరిచినవి: 86. పడినవి: 14. లీకైన మూత: 1, విరిగినది: 1. పోయిన బ్యాటరీ: 1. మొత్తం ఖర్చు: 59,320. తర్వాతి బకెట్ పరీక్ష ఆగస్టు చివరి ఆదివారం.